కొండ మీద వంటా వార్పు

ఆ రోజుల్లో మా దిల్‌సుఖ్‌నగర్ వైపు పొద్దున లేచిన మనిషి ముందుగా చూసేది ఆకాశాన్ని కాదు, బస్సు డిపో గేటుని. గేటు తెరిచి ఉంటే ఆఫీసులున్నట్టు, మూసి ఉంటే బంద్ ఉన్నట్టు, సగం తెరిచి ఉంటే పిల్లలకి యూనిఫాం తొడగాలో వద్దో ఎవరికీ తెలియనట్టు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న కాలం. మేముండే ఎల్.బి.నగర్ కాలనీలో ఒక గోడకి ఇటు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మాలాంటివాళ్లు, అటు నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. గోడ మీంచి కూరగిన్నెలు మారుతూనే ఉండేవి గానీ, టీవీలో వార్తల వేళకి మాత్రం రెండిళ్లవాళ్లూ కిటికీలు వేసుకునేవారు. పెద్దవాళ్లు రాష్ట్రం వస్తుందా రాదా అని కొట్టుకుంటుంటే, ఇరవై నాలుగేళ్ల నాకు మాత్రం నా ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నదొక్కటే బెంగ. ఆ ఉద్యోగం కోసం నేనొక కొండ మీద వెలగబెట్టిన నిర్వాకం ఇది. ఇన్నేళ్లయింది కాబట్టి చెప్పుకోవడానికి పెద్ద సిగ్గేమీ లేదు. కొంచెం ఉంది, అది మీరు మన్నించాలి.

నేను పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో, కళ్లద్దాల షాపు మీద ఒక గదిలో ఉండే ట్రావెల్స్ ఆఫీసులో. కోస్తా ఊళ్లకి రాత్రి బస్సులు నడపడం మా వ్యాపారం. బంద్‌లూ రాస్తారోకోలూ మొదలయ్యాక బస్సులు షెడ్డులో, మా ఓనరు కుర్చీలో, ఇద్దరూ కదలకుండా ఉండిపోయారు. నెల రోజులు అలా చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్న మనిషి ఒక రోజు హఠాత్తుగా లేచి, "కొండల మీద బంద్ ఉండదురా!" అన్నాడు. ఎవరో చెప్పారట, హిమాలయాల్లో కుమావ్ కొండల మీద నూరేళ్ల నాటి రైతు ఇల్లొకటి బాగుచేసి అతిథులకి ఇస్తున్నారని. ఆఫీసులో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ ఇంటావిడకి ఇంగ్లీషులో ఉత్తరం రాసే భారం నా మీద పడింది. ఆవిడ జవాబుతో పాటు ఇంటి నియమాలు మూడు పేజీలు పంపింది. మొదటి పేజీ శ్రద్ధగా చదివాను. రెండో పేజీ పైపైన చూశాను. మూడో పేజీకి వచ్చేసరికి లంచ్ టైమైంది. అన్నీ చదివామనీ, అన్నిటికీ ఒప్పుకుంటున్నామనీ జవాబు కొట్టేసి, కింద ఇరానీ హోటల్‌కి పోయాను.

అదే రోజు మధ్యాహ్నం కాలనీల్లో పంచడానికి కరపత్రం కూడా నేనే రాశాను. పైన 'హిమగిరుల ఒడిలో పురాతన రైతు గృహంలో అయిదు రోజుల విడిది' అని వేసి (ఒడి అన్న మాట వేసినందుకు వారం రోజులు గర్వపడ్డాను), కింద లావు అక్షరాల్లో 'మన వంట – మన వంటమనిషి' అని పెట్టాను. తెలుగువాళ్లతో టూర్ నడిపినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మనవాళ్లు కాశీకి పోయినా, కాశ్మీరానికి పోయినా పప్పూ చింతపండూ వంటమనిషీ వెంట ఉండాల్సిందే. గంగలో మునిగి లేచేసరికి ఒడ్డున వేడివేడి అన్నం రెడీగా లేకపోతే ఆ పుణ్యం సగమే వచ్చినట్టు లెక్క. ఆ ఒక్క విషయంలో కోస్తావాళ్లకీ తెలంగాణవాళ్లకీ ఆ రోజుల్లో కూడా ఏ తగాదా లేదు. లావు అక్షరాలు చూసి పద్నాలుగు మంది పేర్లిచ్చారు.

అందులో ఇద్దర్ని మీకు పరిచయం చేయాలి. ఒకాయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి సర్కారు కొలువులో రిటైరైన పెద్దమనిషి. కాలనీలో అందరూ సూపరింటెండెంట్ గారనేవారు. రెండో ఆయన నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి లారీలు నడిపి, తర్వాత లారీలు కొన్న లారీ మామ. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఉద్యమం మొదలయ్యాక ఒక సాయంత్రం గోడ దగ్గర మాటా మాటా పెరిగి ఏడు నెలలుగా పలకరింపుల్లేవు. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి తెలియకుండా ఇద్దరూ భార్యలతో సహా మా టూర్‌లో పేర్లిచ్చి, స్టేషన్లో ఎదురుపడి, ఇద్దరూ కలిసి నన్ను మింగేసేలా చూశారు.

ఇక మా వంటమనిషి. అరవై దాటినాయన, నల్లగా సన్నగా, భుజం మీద ఎర్ర తువ్వాలు. ఎక్కడికి పోయినా తన వంటపాత్రలు, అంటే ఆయన మాటల్లో బగోనలు, తనే తెచ్చుకునేవాడు. అందుకని ఊరంతా ఆయన్ని బగోనల తాత అనేది. ఉద్యమంలో వంటా వార్పు అని ఉండేది గుర్తుందా? చౌరస్తా మధ్యలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి, రోడ్డు మీదే వండి, వచ్చినవాళ్లందరికీ అక్కడే పెట్టి నిరసన తెలిపేవారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో వంటా వార్పు జరిగినప్పుడల్లా గంటె పట్టింది ఈ తాతే. ఆ పప్పు వాసనకి డ్యూటీలో ఉన్న పోలీసులు కూడా విస్తరి పట్టుకున్నారని లారీ మామ చెప్పేవాడు. అంతమందికి వండిన మనిషి తను తింటుండగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. అందరూ చేతులు కడుక్కున్నాక ఓ మూల గొంతుకూచుని, అడుగంటినదేదో నాలుగు ముద్దలు మింగి లేచేవాడు.

ఢిల్లీ దాకా రైలు, కొండల కింద ఊరి దాకా ఇంకో రైలు, ఆ పైన మినీ బస్సు. సిలిండర్ రైల్లో ఎక్కనివ్వరు గనక కట్టెలతోనే కానిద్దామనుకున్నాం. బగోనల్ని బస్సు టాపు మీద తాళ్లతో కట్టాం. ప్రతి మలుపులోనూ అవి గణగణమంటుంటే ఎదురొచ్చేవాళ్లు దేవుడి ఊరేగింపు అనుకుని దణ్ణాలు పెట్టారని లారీ మామ చెప్పాడు. (నేను చూడలేదు. ఆ మలుపుల్లో నేను కిటికీలోంచి తల బయట పెట్టి వేరే పనిలో ఉన్నాను.)

ఇల్లు చూసి నేను నిజంగానే నోరు తెరిచాను. రాతి గోడలు, వాటి మీద మట్టి పూత, పలకరాళ్ల కప్పు, కిటికీలకి చెక్కడాలు, ఎదురుగా తెల్లటి మంచుకొండలు. ఢిల్లీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడమ్, పాడుబడ్డ ఇంటిని కొని, పడిపోయిన గోడల్ని అదే మట్టితో లేపించి, సిమెంటు చుక్క తగలకుండా బాగుచేయించుకుందట. ఆవిడ ఇదంతా మురిసిపోతూ హిందీలో చెబుతుంటే లారీ మామ గోడని వేలితో గీకి చూశాడు. "ఏంది పిలగా, గిది మట్టి గోడనే గద. మా ఊర్ల మా అయ్య కట్టిన ఇల్లు గిట్లనే ఉండె. నామోషీ అనిపించి కూలగొట్టి స్లాబేసిన. గిప్పుడు రెండు రైళ్లు మారి ఒచ్చి గదే మట్టింట్ల పండాల్నా?" అన్నాడు. నేను 'పురాతన' అన్న మాట మళ్లీ చెప్పాను. అది పని చేయలేదు. సూపరింటెండెంట్ గారికి కింది గది వచ్చింది. పూర్వం అది పశువుల్ని కట్టేసే చోటని మేడమ్ ముచ్చటపడుతూ చెప్పింది. "ముప్పయ్యేళ్లు గవర్నమెంటు సర్వీసు చేసి చివరికి గొడ్ల సావిట్లో పడుకోవాలటయ్యా? అబ్బాయ్, ఇది నీ కరపత్రంలో ఎక్కడుందో చూపించు," అన్నారాయన. ద్వారబంధాలన్నీ పొట్టివి కావడంతో సాయంత్రానికి పద్నాలుగు మందిలో పదకొండు మంది నుదుట బొప్పి కట్టింది. వాళ్లంతా దాన్ని తడుముకుంటూ నా వంకే చూశారు.

అసలు పిడుగు టీ ఇస్తున్నప్పుడు పడింది. "మూడో పేజీ అందరూ చదివే ఉంటారు," అంది మేడమ్. మూడో పేజీలో ఉన్నదేమిటంటే, ఈ ఇంట్లో అతిథులెవరూ వంట చేయకూడదు. ఆవిడా, ఊళ్లో ఇద్దరాడవాళ్లూ కట్టెల పొయ్యి మీద వండిందే అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. పోయినసారి ఎవరో స్టవ్ వెలిగిస్తే అదే సాయంత్రం వెనక్కి పంపేసిందట. సరిగ్గా ఆ మాట అంటుండగానే బగోనల తాత బస్సు టాపు మీంచి అన్నిటికన్నా పెద్ద బగోన దింపుకుని తల మీద పెట్టుకుని నడిచొస్తున్నాడు. "ఆయనెవరు? అదేమిటి?" అంది మేడమ్. ఆ క్షణంలో నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ అలా పనిచేయలేదు. "మా పెదనాన్న గారండీ. అవి దారిలో గుడికి మొక్కుకున్న పాత్రలు," అన్నాను. మేడమ్ తాతకీ బగోనకీ కలిపి నమస్కారం పెట్టింది. తాత తల మీద బరువుతో తిరిగి పెట్టలేకపోయాడు.

పెదనాన్న అన్నందుకు ఫలితం ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. అందరిలోకీ పెద్దవారని మేడమ్ తాతని బల్ల మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తాత కుర్చీ అంచు మీద, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఎవరి కంచం ఖాళీ అయినా ఆయన కాళ్లు వాటంతటవే లేచేవి, నేను బల్ల కిందనుంచి మోకాలు నొక్కి కూలేసేవాణ్ణి. మేడమ్ గిన్నె పట్టుకుని వచ్చి, "తావూజీ, ఔర్ థోడా?" అంది. పెదనాన్న గారూ, ఇంకొంచెం? అని. తాత వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినడుగుతోందా అని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. "నిన్నే తాతా," అన్నాను మెల్లగా. ఆయన కాసేపు కంచం వైపు చూసి, రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. కంచం అలా ఎత్తక్కర్లేదని నేను చెప్పలేదు.

మిగతావాళ్లకి మాత్రం ఆ తిండి శిక్షే. రాగుల్లాంటి వాటితో చేసిన నల్లటి రొట్టెలు, ఉలవల పప్పు, వేయించిన గింజలతో పచ్చడి. "గివి ఉల్వలు గదా! మా ఎడ్లకు ఉడకబెట్టి పోస్తుంటిమి," అన్నాడు లారీ మామ. సూపరింటెండెంట్ గారు ఉలవలు కనబడగానే హుషారై, "చారు కాచుంటే అమృతం, పప్పు చేసి పాడుచేశారు," అని గోడతో అన్నారు (లారీ మామతో మాటల్లేవు కదా). ఆయనకి పచ్చడి మాత్రం నచ్చింది. రెండుసార్లు వేయించుకున్నాక అవి గంజాయి మొక్క గింజలని తెలిసింది. మత్తేమీ ఉండదని మేడమ్ ఎంత చెప్పినా వినకుండా, మర్నాడు మధ్యాహ్నం దాకా నాడి పట్టుకుని కూర్చుని, ఎప్పుడెక్కుతుందా అని ఎదురుచూశారు. ఎక్కకపోయేసరికి ఒక రకంగా చిన్నబుచ్చుకున్నారు కూడా.

తాత లోకం మాత్రం వేరైపోయింది. ఆయనకొచ్చిన హైదరాబాదీ హిందీతో మేడమ్ వెంట పడి, "యే దానే కో ఎత్తా టైం కైకు?" అంటూ, ఈ గింజకి ఇంతసేపెందుకని, ప్రతి వంటకాన్నీ విచారించేవాడు. ఆ రొట్టె తన చిన్నప్పటి జొన్న రొట్టెకి చుట్టమేనని నిర్ణయించాడు. మేడమ్ ఆయన పాదాలు పగిలి ఉండడం చూసి ఊలు సాక్సులు తెచ్చిచ్చింది. రెండో రోజు మధ్యాహ్నానికి తాత కుర్చీకి వీపు ఆనించి కూర్చోవడం నేర్చుకున్నాడు. మోకాలు నొక్కాల్సిన అవసరం నాకు లేకుండా పోయింది.

ఆ మధ్యాహ్నమే మనవాళ్లు తిరగబడ్డారు. ఇంటి వెనక గుట్ట మీద ఒక రాయి ఉంది. ఫోను సిగ్నలు ఆ రాయెక్కితేనే వస్తుంది, అదీ లారీ మామ ఫోనుకొక్కదానికే. ఊళ్లో బంద్ సంగతులు కనుక్కోవడానికి మామ రాయెక్కితే, కింద సూపరింటెండెంట్ గారు మబ్బులు చూస్తున్నట్టు నిలబడేవారు. రెండో రోజు మామే ఉండబట్టలేక, "ఏం సార్, మీ బిడ్డతోని మాట్లాడుతరా? ఎక్కుండ్రి, పడుతరు పైలం," అని చెయ్యిచ్చాడు. ఏడు నెలల తర్వాత మొదటి మాట అది. నాకు కళ్లు చెమర్చినంత పనైంది. సఖ్యత కుదిరిన ఆ ఇద్దరూ రాయి మీంచి దిగి మొట్టమొదట చేసిన పని నన్ను పట్టుకోవడం. "మన వంట అని అచ్చేశావు కదటయ్యా! పప్పన్నం మొహం చూసి నాలుగు రోజులైంది," అన్నారు సూపరింటెండెంట్ గారు. "ఒంటాయనను బల్ల కాడ రాజు లెక్క కూసోబెట్టినవ్, మమ్ముల ఎండబెట్టినవ్. రాయి మీదికెళ్లి మీ ఓనరుకు ఫోను కొట్టాల్నా?" అన్నాడు మామ. కొడితే నా ఉద్యోగం అక్కడితో సరి. ఇంతలో మామకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "రేపు పొద్దుగాల గీ ఇంటి ముంగట వంటా వార్పు!" అని ప్రకటించాడు. వంటా వార్పు అంటే ఏడు నెలలుగా పళ్లు నూరుతున్న సూపరింటెండెంట్ గారు గొంతు సవరించుకుని, "పప్పు కాబట్టి నేను అభ్యంతరం చెప్పడం లేదు," అన్నారు.

సాయంత్రం వెళ్లి తాతతో చెప్పాను. ఇంటి ముందు రాతి అరుగు మీద సాక్సులేసుకున్న కాళ్లు చాపుకుని మంచుకొండలకేసి చూస్తున్నాడు. విని, జారిన సాక్సు పైకి లాక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "పిలగా, ముప్పై ఏండ్ల సంది ఒండుతున్న. పెండ్లిళ్లు, దినాలు, మొన్న మొన్న చౌరస్తల. 'తిన్నవా' అని అడిగినోళ్లు ఉన్నరు, అబద్ధమెందుకు. గని 'ఇంకింత పెట్టాల్నా' అని అడిగినోళ్లు లేరు. ఎట్ల అడుగుతరు, గంటె నా చేతులనే ఉండె గద," అన్నాడు. అని నవ్వాడు. "గా అమ్మ మూడు మాట్లు అడుగుతది. రెండో మాటుకే కడుపు నిండుతది గని, మూడో మాటు అడుగుతదా లేదా అని చూస్తున్న. ఇంక మూడు దినాలే గద. జర కూసోనియ్యి నన్ను."

"నువ్వు కూర్చో తాతా. ఎవరేమన్నా నేను చూసుకుంటాను," అన్నాను. అన్నాక నా మీద నాకే గొప్ప గౌరవం కలిగింది. ఆ రాత్రి ఎంతో తృప్తిగా నిద్రపోయాను.

పొద్దున లేచి బయటికొచ్చేసరికి ఇంటి ముంగిట మూడు రాళ్లు పెట్టేసి ఉన్నాయి. బగోనలు దిగిపోయాయి. లారీ మామ కట్టెలు పేరుస్తున్నాడు. సూపరింటెండెంట్ గారు మఫ్లరు చుట్టుకుని, భార్య దగ్గర కత్తి లాక్కుని, ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంటున్నారు. "నేను ఉద్యమానికి మద్దతివ్వడం లేదు, ఇది వేరే," అన్నారు నన్ను చూసి. ఆడవాళ్లు కందిపప్పు ఏరుతున్నారు. "మా వంట మాగ్గావాలె!" అని మామ ఒక కేక వేస్తే, పన్నెండు గొంతులు అందుకున్నాయి. ఆ కొండలు అంతకుముందు ఇలాంటిది విని ఉండవు. మేడమ్ శాలువా కప్పుకుని గబగబా బయటికొచ్చింది. వస్తూ వస్తూ తన గుమ్మానికి తనే తల కొట్టుకుంది.

"యే హమారా ఆందోళన్ హై మేడం. హమారే ఉధర్ రోడ్ పే బైఠ్‌కే పకాతే, సబ్ మిల్‌కే ఖాతే," అని మామ చాలా మర్యాదగా వివరించాడు. ఇది మా ఉద్యమం, మా వైపు రోడ్డు మీదే కూర్చుని వండి అందరం కలిసి తింటాం, అని. నేనేమో బస్సు సర్దమంటుందని ఎదురుచూస్తున్నాను. ఆవిడ రాళ్లనీ, బగోనల్నీ, ఏడుస్తున్న సూపరింటెండెంట్ గారినీ ఒకసారి చూసి, ఫక్కున నవ్వింది. సరే, నా వంటింట్లోకి మాత్రం రావద్దు, ముంగిట్లో ఒక్క పూట వండుకోండి అంది. జనం చప్పట్లు కొట్టారు. "అయితే ఇంతమందికి వండేదెవరు?" అని అడిగింది.

చప్పట్లు ఆగిపోయాయి. లారీ మామకి టీ పెట్టడం తప్ప రాదు. ఆడవాళ్లు, "టూరుకొచ్చి కూడా మేమే వండాలా?" అన్నట్టు చూపు తిప్పుకున్నారు. అందరి కళ్లూ అరుగు మీదికి పోయాయి. అక్కడ తాత సాక్సులేసుకుని, వీపు గోడకి ఆనించి, గ్లాసులో టీ ఊదుకుంటూ కూర్చుని ఉన్నాడు. మామ జేబులోంచి ఫోను తీసి గుట్ట మీది రాయి వైపు ఒకసారి చూశాడు. "చెప్పు పిలగా. నువ్వు చెప్తవా, నేను పైకెక్కాల్నా?"

మేడమ్ ఏమీ అర్థంకాక నన్ను చూసింది. తాత కూడా చూశాడు. బతిమాలుతున్నట్టు కాదు, ఊరికే, ఏం చెబుతానో చూద్దామన్నట్టు. చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి. పెదనాన్నకి ఒంట్లో బాగాలేదనొచ్చు. మేమే తలా చెయ్యీ వేసి వండుకుంటామనొచ్చు. పప్పు ఉడకబెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. నేను మాత్రం గొంతు సవరించుకుని, స్పష్టమైన హిందీలో (ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా తడబడలేదు), "ఆయన మా పెదనాన్న కాదు మేడమ్. మేము వెంట తెచ్చుకున్న వంటమనిషి," అన్నాను.

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. సగం అలాగే ఉంది. సాక్సులు ఒకటొకటిగా విప్పి, మడిచి, అరుగు మీద పెట్టాడు. ఎర్ర తువ్వాలు నడుముకి బిగించి, పొయ్యి దగ్గరికి వచ్చి, "రాళ్లు గిట్ల గాదు, గాలి ఎటు ఒస్తుందో చూడాలె గద," అంటూ మామ పెట్టిన రాళ్లు సరిచేయడం మొదలుపెట్టాడు.

ఆ పూట వంట గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసమవుతుంది. చింతపండు పిసికిన పప్పు, పచ్చిపులుసు, పొగలు కక్కే అన్నం. సూపరింటెండెంట్ గారు పచ్చిపులుసుని ఏడు నెలల్లో మొదటిసారి మెచ్చుకున్నారు. లారీ మామ ఆయన తెచ్చుకున్న ఆవకాయ సీసాలో నేరుగా చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత మామే రాయెక్కి మా ఓనరుకి ఫోను చేసి, "పిలగాడు బంగారం," అన్నాడట. ఉద్యోగం నిలవడమే కాదు, తర్వాతి టూర్లన్నిటికీ నన్నే పంపారు. మేడమ్ తాత పక్కన కుర్చీ వేసి, "తావూజీ, ఆప్ భీ బైఠియే," అని, మీరూ కూర్చోండని, మళ్లీ పిలిచింది. "నై అమ్మా, పైలే సబ్ ఖాలేనా," అన్నాడాయన. ముందు అందరూ తిననీ, అని. మిగిలిన రెండు రోజులూ అదే మాట. ఆవిడ వండిన పూటల్లో కూడా బల్ల దగ్గరికి రాలేదు. వంటింట్లో ఊరి ఆడవాళ్లతో పాటు, అందరూ తిన్నాక, నేల మీద కూర్చుని తిన్నాడు. తిరుగు రైల్లో నాకు కడుపులో తిప్పితే వాము నమలమని ఇచ్చింది కూడా ఆయనే.

నన్ను నేను తిట్టుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. కుదరడం లేదు, మధ్యలో నవ్వొచ్చేస్తుంది. ఎందుకంటే ఆ రోజు ముంగిట్లో బంతి వేసినప్పుడు నేను అందరికన్నా ముందే పోయి కూర్చున్నాను. తాత గంటె పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ నా ముందుకొచ్చి ఆగాడు. ఆయన మొహంలోకి చూడలేక విస్తట్లోకి చూశాను. అంత బాధలోనూ, అంత సిగ్గులోనూ, ఆ ఇరవై నాలుగేళ్ల వెధవ తలెత్తకుండానే, "కొంచెం ఎక్కువ వెయ్యి తాతా, చాలా బాగుంది," అన్నాడు.